బ్లాక్‌చైన్ ఏపీఐ: ‘డబ్బులు పంపేశాం’ అంటూ హ్యాష్ కోడ్ వచ్చిందా.. నిజమో కాదో ఫోన్‌లోనే ఇలా చూసుకోండి!

శ్రీకాకుళం: ‘మీ విత్‌డ్రా రిక్వెస్ట్ పూర్తయింది అండీ.. ఇదిగో హ్యాష్’ అంటూ టెలిగ్రామ్‌లోనో, వాట్సాప్‌లోనో ఓ పొడవాటి కోడ్ వస్తుంది. అక్షరాలు, అంకెలు కలిపి 64 ఉంటాయి. దాంతో పాటు పచ్చ టిక్కు ఉన్న స్క్రీన్‌షాట్ ఒకటి. వ్యాలెట్ తెరిచి చూస్తే మాత్రం ఏమీ ఉండదు. ఇదేంటని అడిగితే ‘నెట్‌వర్క్ బిజీ.. ఇంకో 20 వేలు ట్యాక్స్ కడితే రిలీజ్ అయిపోతుంది’ అంటారు. ఆ 20 వేలూ కట్టేసి, ఆ తర్వాత నంబర్ స్విచాఫ్ అని తెలిసి తల పట్టుకునేవాళ్లు ఎందరో.

నిజానికి ఆ కోడ్ అసలుదో నకిలీదో తేల్చుకోడానికి ఎవర్నీ బతిమాలక్కర్లేదు. క్రిప్టో లావాదేవీలు నడిచే బ్లాక్‌చైన్ అందరికీ తెరిచి ఉన్న పుస్తకం. దాన్ని ఎవరైనా, ఎక్కడి నుంచైనా నేరుగా అడగొచ్చు. ఆ అడిగే దారి పేరే డేటా ఏపీఐ. ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లకే కాదు, క్రోమ్‌లో అడ్రస్ టైప్ చేయడం వచ్చిన ఎవరికైనా మొదటి మెట్టు అందేదే. టెక్కలి, రాజాం, విజయనగరం కాలేజీల్లో కోడింగ్ నేర్చుకుంటున్న విద్యార్థులైతే ఇంట్లోవాళ్లకు, ఊళ్లోవాళ్లకు ఈ పని చేసి పెట్టొచ్చు కూడా.

అసలు ఏపీఐ అంటే ఏంటి?

పేరులో ఏపీ ఉంది కానీ దీనికీ మన రాష్ట్రానికీ సంబంధం లేదు. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎంక్వైరీ కౌంటర్ ఉంటుంది కదా. ‘పలాస బస్సు ఎన్నింటికి?’ అని అడిగితే లోపల ఉన్నాయన చార్ట్ చూసి చెప్తాడు. మీరు డిపోలోకి వెళ్లక్కర్లేదు, చార్ట్ ముట్టుకోనక్కర్లేదు. కాకపోతే అడగాల్సిన పద్ధతిలో అడగాలి. ఊరి పేరు చెప్పకుండా ‘బస్సెప్పుడు?’ అంటే ఆయన మన ముఖం చూస్తాడు. ఏపీఐ కూడా అచ్చంగా అంతే. ఒక పద్ధతిలో ప్రశ్న వేస్తే, ఒక పద్ధతిలో జవాబు వస్తుంది. ప్రశ్నలో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఎర్రర్ అని ముఖాన కొడుతుంది.

ఇక బ్లాక్‌చైన్ సంగతి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం కొట్టాయన దగ్గరే ఉంటుంది. ఆయన అంకె దిద్దినా, పేజీ చింపినా మనకు తెలీదు. అదే పుస్తకం నకలు ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉండి, ప్రతి పేజీ మీదా దాని ముందు పేజీ ముద్ర ఉంటే? ఒక పేజీ మారిస్తే ఆ తర్వాతి ముద్రలన్నీ తప్పుతాయి, వెంటనే దొరికిపోతుంది. ఆ పేజీని బ్లాక్ అంటారు. ఆ ముద్రను హ్యాష్ అంటారు. ఆ నకలు పుస్తకం పెట్టుకున్న కంప్యూటర్‌ను నోడ్ అంటారు. మనం ఏపీఐ ద్వారా అడిగేది ఇలాంటి నోడ్‌నే, లేదా నోడ్ దగ్గరి సమాచారాన్ని సర్ది పెట్టుకున్న ఒక వెబ్‌సైట్‌ను.

మొదటి ప్రశ్న: ఇప్పుడు ఎన్నో పేజీ నడుస్తోంది?

అన్నిటికంటే తేలికైంది బిట్‌కాయిన్‌తో మొదలుపెట్టడం. మెంపూల్ డాట్ స్పేస్ అనే సైట్ రిజిస్ట్రేషన్, పాస్‌వర్డ్, కీ ఏవీ అడగదు. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, అడ్రస్ బార్‌లో ‘మెంపూల్ డాట్ స్పేస్, స్లాష్, ఏపీఐ, స్లాష్, బ్లాక్స్, స్లాష్, టిప్, స్లాష్, హైట్’ అని ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా కొట్టండి. తెల్ల స్క్రీన్ మీద ఒకే ఒక్క నంబర్ వస్తుంది. బొమ్మల్లేవు, రంగుల్లేవు. ఏదో తప్పు కొట్టామని చాలామంది వెనక్కి వచ్చేస్తారు. తప్పేం లేదు, అదే జవాబు!

ఆ నంబర్ బిట్‌కాయిన్ పుస్తకంలో తాజా పేజీ నంబర్. 2025 జూన్‌లో అది 9 లక్షలు దాటింది. సగటున 10 నిమిషాలకో కొత్త బ్లాక్ చేరుతుంది కాబట్టి, టీ తాగొచ్చి రిఫ్రెష్ కొడితే నంబర్ పెరిగి ఉంటుంది. ఒక్కోసారి రెండు నిమిషాల్లోనే మారుతుంది, ఒక్కోసారి అరగంటైనా కదలదు. కంగారు పడక్కర్లేదు, పదంటే సగటే.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. అదే అడ్రస్‌లో ఏపీఐ తర్వాత ‘బ్లాక్ హైఫన్ హైట్, స్లాష్, 0’ అని పెడితే మొట్టమొదటి బ్లాక్ హ్యాష్ వస్తుంది. పది సున్నాలతో మొదలయ్యే పొడవాటి కోడ్ అది. దాన్ని కాపీ చేసి ‘ఏపీఐ, స్లాష్, బ్లాక్, స్లాష్’ తర్వాత పేస్ట్ చేయండి. ఈసారి మీసాల బ్రాకెట్ల మధ్య బోలెడు వివరాలు వస్తాయి. ఈ పద్ధతిని జేసన్ అంటారు. ఎడమ పక్కన పేరు, కుడి పక్కన విలువ. అంతకుమించి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

అందులో టైమ్‌స్టాంప్ అన్న చోట 1231006505 అని ఉంటుంది. ఇదేం తేదీ అనిపిస్తుంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క అది. దాన్ని మారిస్తే 2009 జనవరి 3, లండన్ గడియారం ప్రకారం సాయంత్రం 6.15. మనకు ఐదున్నర గంటలు కలుపుకోవాలి, అంటే ఆ రోజు రాత్రి 11.45. ఈ ఐదున్నర గంటల సంగతి గుర్తుపెట్టుకోండి. కంప్లయింట్ రాసేటప్పుడు దీని వల్లే తేదీలు తారుమారవుతుంటాయి. రాత్రి ఒంటి గంటకు మీరు పంపిన డబ్బు చైన్‌లో ముందు రోజు తేదీతో కనిపిస్తుంది మరి.

ఇక అసలు పని. మీకొచ్చిన హ్యాష్ బిట్‌కాయిన్‌ది అని అవతలివాళ్లు చెప్తే ‘ఏపీఐ, స్లాష్, టీఎక్స్, స్లాష్’ పెట్టి, ఆ హ్యాష్ పేస్ట్ చేసి ఎంటర్ కొట్టండి. కన్‌ఫర్మ్‌డ్ అన్న చోట ట్రూ అని ఉంటే ఆ లావాదేవీ పుస్తకంలోకి ఎక్కింది. ఫాల్స్ అంటే ఇంకా క్యూలో ఉంది. అసలు దొరకలేదు అని వస్తే అలాంటి లావాదేవీ ఆ చైన్‌లో కనిపించడం లేదన్నమాట. ‘నెట్‌వర్క్ బిజీ’ అన్న మాట తేలిపోయేది ఇక్కడే. బిజీగా ఉంటే క్యూలో అయినా కనిపించాలి కదా!

బ్యాలెన్స్ అడిగితే బ్యాలెన్స్ చెప్పదు

‘ఏపీఐ, స్లాష్, అడ్రస్, స్లాష్’ తర్వాత బిట్‌కాయిన్ అడ్రస్ పెడితే ఆ ఖాతా వివరాలు వస్తాయి. కొత్తవాళ్లు ఇక్కడ తికమక పడతారు. బ్యాలెన్స్ అనే మాటే ఉండదు. వచ్చినదంతా కలిపి ఒక అంకె, పోయినదంతా కలిపి ఇంకో అంకె ఉంటాయి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలిందే బ్యాలెన్స్. పైగా ఆ అంకెలు బిట్‌కాయిన్లలో ఉండవు, సతోషీల్లో ఉంటాయి. రూపాయికి 100 పైసలైతే, ఒక బిట్‌కాయిన్‌కు 10 కోట్ల సతోషీలు. ఆ లెక్కన 5 లక్షల సతోషీలంటే 0.005 బిట్‌కాయిన్. ‘నా అకౌంట్లో 5 లక్షలు పడ్డాయి గురూ’ అని పార్టీ ఇచ్చేస్తే అంతే సంగతులు.

ఈథర్‌లోకి వస్తే ఈ సున్నాల గోల ఇంకా ఎక్కువ. 2015 జూలై 30న మొదలైన ఇథీరియం నెట్‌వర్క్‌లో చిన్న నాణెం పేరు వెయ్. ఒక ఈథర్ అంటే 1 పక్కన 18 సున్నాలన్ని వెయ్‌లు. ఏపీఐ నుంచి 2500000000000000000 అని జవాబొస్తే అది రెండున్నర ఈథర్ మాత్రమే. జావాస్క్రిప్ట్‌లో ఇలాంటి అంకెను మామూలు నంబర్‌గా తీసుకుంటే చివరి అంకెలు చెప్పాపెట్టకుండా మారిపోతాయి. ఎందుకంటే ఆ భాష 90 కోట్ల కోట్ల దాకా, అంటే 9 పక్కన 15 సున్నాల దాకా మాత్రమే అంకెను ఖచ్చితంగా పట్టుకోగలదు. బిగ్‌ఇంట్ వాడాలి. పైథాన్‌కు ఈ బాధ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు పైథాన్‌తో మొదలుపెట్టడం మేలనేది ఇందుకే. ల్యాప్‌టాప్ లేకపోయినా గూగుల్ కొల్యాబ్‌ను ఫోన్ బ్రౌజర్‌లోనే ఉచితంగా తెరవొచ్చు. రిక్వెస్ట్స్ అనే లైబ్రరీతో మూడు నాలుగు లైన్లలో ఇదంతా అయిపోతుంది.

కీ ఎందుకు? ఎవరికి చెప్పకూడదు?

ఇథీరియం కోసం ఎక్కువమంది వాడేది ఈథర్‌స్కాన్. సైట్ అందరికీ తెరిచే ఉంటుంది కానీ దాని ఏపీఐని వాడాలంటే ఉచితంగా అకౌంట్ తెరిచి ఒక ఏపీఐ కీ తీసుకోవాలి. ఎంక్వైరీ కౌంటర్‌లో టోకెన్ లాంటిది అనుకోండి. ఒకరే వెయ్యి ప్రశ్నలు వేసి కౌంటర్‌ను ఆక్రమించుకోకుండా సెకనుకు ఇన్ని, రోజుకు ఇన్ని అని లెక్క ఉంటుంది. ఆ లెక్క, ఏ చైన్లు ఫ్రీ అన్న జాబితా అప్పుడప్పుడు మారుతుంటాయి. కాబట్టి మొదలుపెట్టేముందు వాళ్ల పేజీలో ఒకసారి చూసుకోవడం మంచిది.

యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి చేసేవాళ్లకు ఇక్కడ ఒక దెబ్బ తగులుతుంది. ఈథర్‌స్కాన్ పాత ఏపీఐని పక్కనపెట్టి వీ2 అనే కొత్తదానికి మారింది. ఇప్పుడు ప్రశ్నలో చైన్ఐడీ కూడా చెప్పాలి. ఇథీరియంకు 1, పాలిగాన్‌కు 137, బీఎన్‌బీ చైన్‌కు 56. ఊరి పేరు చెప్పకుండా బస్సు అడగొద్దన్నది ఇదే. దాని తర్వాత మాడ్యూల్ అకౌంట్ అని, యాక్షన్ బ్యాలెన్స్ అని, ఆ పైన అడ్రస్, చివర్లో మీ కీ. ప్రశ్న గుర్తు తర్వాత ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ‘అండ్’ గుర్తుతో వస్తాయి.

జవాబులో స్టేటస్ 1, మెసేజ్ ఓకే అని ఉంటుంది. ఇది చూసి ‘ఓకే అంది, డబ్బు వచ్చేసింది’ అనుకోకూడదు. ఆ ఓకే మీ ప్రశ్న సరిగ్గా ఉందని చెప్పడానికే. అలాగే స్టేటస్ 0 అని వచ్చిందంటే ప్రతిసారీ తప్పు జరిగినట్టు కాదు. ఆ అడ్రస్‌లో లావాదేవీలే లేకపోయినా 0 అనే వస్తుంది. పక్కన ఉన్న మెసేజ్ చదివితేనే తేడా తెలుస్తుంది. లావాదేవీ పాసయిందా ఫెయిలైందా తెలియాలంటే వేరే ప్రశ్న ఉంది. మాడ్యూల్ ట్రాన్సాక్షన్, యాక్షన్ గెట్‌టీఎక్స్‌రిసీట్‌స్టేటస్ అని అడగాలి. అందులో 1 అంటే పాస్, 0 అంటే ఫెయిల్. ఇథీరియంలో ఫెయిలైన లావాదేవీకి కూడా హ్యాష్ ఉంటుంది. అంటే హ్యాష్ దొరికినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు.

నోడ్‌ను నేరుగా అడిగేవాళ్లకు అంకెలు ఇంకో వేషంలో వస్తాయి. ముందు సున్నా, దాని పక్కన ఎక్స్ ఉంటే అది పదహార్ల లెక్క. అంటే ‘సున్నా ఎక్స్ 10’ అని వస్తే అది పది కాదు, పదహారు. పైథాన్‌లో ఇంట్ అని రాసి, పక్కన 16 ఇస్తే మామూలు అంకె అయిపోతుంది.

ఇక కీ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పుకోవాలి. ఏపీఐ కీ వేరు, వ్యాలెట్ ప్రైవేట్ కీ వేరు. ఏపీఐ కీ పోతే మీ కోటా ఎవరో వాడుకుంటారు, అంతే. కొత్తది తీసుకోవచ్చు. ప్రైవేట్ కీ గానీ, వ్యాలెట్ ఇచ్చే 12 లేదా 24 పదాల వరస గానీ పోతే డబ్బంతా పోతుంది. సమాచారం చూడ్డానికి ఏ డేటా ఏపీఐ కూడా ఆ పదాలు అడగదు, వ్యాలెట్ కనెక్ట్ చేయమనీ అడగదు. అడిగిందంటే అది ఏపీఐ కాదు, గాలం.

మోసాలన్నీ ఎక్కువగా యూఎస్‌డీటీలోనే

బిట్‌కాయిన్‌తో నేర్చుకోవడం తేలిక కానీ, మన ఊళ్లలో టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగేది ఎక్కువగా యూఎస్‌డీటీ. డాలర్‌తో సమానంగా ఉండేలా టెథర్ కంపెనీ నడిపే టోకెన్ ఇది. అందులోనూ ట్రాన్ అనే నెట్‌వర్క్ మీద. ఆగ్నేయాసియాలోని సైబర్ నేరగాళ్లు, మనీలాండరింగ్ ముఠాలు ట్రాన్ మీద నడిచే యూఎస్‌డీటీనే ఇష్టపడుతున్నాయని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2024 జనవరి నివేదికలో చెప్పింది.

ఈ ఆగ్నేయాసియా మాట మనకు దూరం కాదు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ ఉత్తరాంధ్ర యువకుల్ని ఏజెంట్లు అక్కడికి పంపించారు. అక్కడ వాళ్లను నిర్బంధించి, మనవాళ్లకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. ఫోన్‌లో అవతల మాట్లాడేది మన యాస కుర్రాడే కావొచ్చు, అతనూ బాధితుడే కావొచ్చు. వాళ్లు చెప్పే మాటలో నిజం వెతకడం కష్టం. చైన్‌లో వెతకడం సులువు.

ట్రాన్ అడ్రస్ ఇంగ్లీష్ పెద్ద అక్షరం ‘టీ’తో మొదలవుతుంది. దీన్ని అడగడానికి ట్రాన్‌గ్రిడ్ అనే ఏపీఐ ఉంది. ‘ఏపీఐ డాట్ ట్రాన్‌గ్రిడ్ డాట్ ఐఓ, స్లాష్, వీ1, స్లాష్, అకౌంట్స్, స్లాష్’ తర్వాత మీ అడ్రస్, ఆ తర్వాత ‘స్లాష్, ట్రాన్సాక్షన్స్, స్లాష్, టీఆర్‌సీ20’ అని పెడితే ఆ అడ్రస్‌కు వచ్చిన, పోయిన టోకెన్ల జాబితా వస్తుంది. ప్రతి దాంట్లో ఎవరు పంపారు, ఎవరికి పంపారు, ఎంత, ఎప్పుడు, ఏ టోకెన్ అని ఉంటాయి. ఇక్కడ టైమ్ సెకన్లలో ఉండదు, మిల్లీసెకన్లలో ఉంటుంది. 1000తో భాగించకుండా తేదీలోకి మారిస్తే వేల ఏళ్ల తర్వాతి సంవత్సరం వస్తుంది. యూఎస్‌డీటీకి ఆరు సున్నాలు తీసేయాలి. అంటే 500000000 అని కనిపిస్తే 50 కోట్లు కాదు, 500 యూఎస్‌డీటీ.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది టోకెన్ పేరు కాదు, టోకెన్ కాంట్రాక్ట్ అడ్రస్. ఎందుకంటే ఈ నెట్‌వర్క్‌ల మీద ఎవరైనా సొంత టోకెన్ తయారు చేసి దానికి యూఎస్‌డీటీ అనే పేరు పెట్టుకోవచ్చు. అడ్డుకునేవారు లేరు. పలాస జీడిపప్పు అని సంచి మీద రాస్తే సరిపోదు కదా, లోపల ఏముందో చూడాలి. నకిలీ టోకెన్ మీ వ్యాలెట్‌కు నిజంగానే వస్తుంది. హ్యాష్ నిజం, స్టేటస్ సక్సెస్, మొత్తం కూడా కరెక్టే. కానీ దాని విలువ సున్నా. అసలు యూఎస్‌డీటీ కాంట్రాక్ట్ అడ్రస్ టెథర్ సొంత వెబ్‌సైట్‌లో ఉంటుంది. అక్కడి నుంచి కాపీ చేసుకుని, ఏపీఐ జవాబులో ఉన్నదానితో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సరిపోల్చాలి.

మొదలు చివర చూస్తే చాలదా అంటే, చాలదు. అడ్రస్ పాయిజనింగ్ అనే మోసం దీని మీదే నడుస్తోంది. మీరు తరచూ పంపే అడ్రస్‌లో మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు కలిసేలా మోసగాళ్లు ఒక అడ్రస్ తయారు చేస్తారు. దాని నుంచి మీకు సున్నా విలువతో ఒక లావాదేవీ పంపిస్తారు. రేపు మీరు హిస్టరీలోంచి కాపీ చేసేటప్పుడు పొరపాటున దాన్నే కాపీ చేస్తారని వాళ్ల ఆశ. జాబితాలో విలువ 0 అని ఉన్న వరసలు కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఉదాహరణకు ఆమదాలవలసలో ఓ కుర్రాడికి హ్యాష్ వచ్చింది అనుకుందాం. అతను ఒక్కొక్కటిగా ఇలా చూస్తాడు. ముందుగా ఏ చైన్ అని అడుగుతాడు. చెప్పకపోతే అక్కడే తేలిపోయింది. చెప్పిన చైన్‌లో హ్యాష్ దొరికిందా? దొరికితే, చేరిన అడ్రస్ తనదేనా? చాలాసార్లు మోసగాళ్లు వేరెవరికో జరిగిన అసలు లావాదేవీ హ్యాష్‌ను తెచ్చి చూపిస్తారు. లింక్ నొక్కితే పచ్చ టిక్కు వస్తుంది, జనం నమ్మేస్తారు. చేరిన అడ్రస్ అన్న వరస చదివితే ఆ నాటకం ముగిసిపోతుంది. ఆ తర్వాత పాసయిందా, కాంట్రాక్ట్ అసలుదేనా, సున్నాలు తీసేస్తే మొత్తం ఎంత, తేదీ ఎప్పటిది? ఇవన్నీ కలిపి ఐదు నిమిషాల పని.

ఇంకో విషయం. లింక్ కూడా వాళ్లు ఇచ్చింది నొక్కకూడదు. ఎక్స్‌ప్లోరర్ సైట్‌ను పోలిన నకిలీ సైట్ పెట్టి పచ్చ టిక్కు చూపించడం పెద్ద పనేం కాదు. అడ్రస్ మీరే టైప్ చేయాలి.

‘ట్యాక్స్ కడితే రిలీజ్ అవుతుంది’ అన్న మాటకొస్తే.. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై 1 నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. టీడీఎస్ అంటే ఇచ్చే మొత్తంలోంచే పట్టుకునేది. లాభం మీద పన్ను రిటర్న్ వేసినప్పుడు ప్రభుత్వానికి కట్టేది. టెలిగ్రామ్‌లో ఎవరి ఫోన్‌పే నంబర్‌కో ముందుగా కట్టే ట్యాక్స్ అంటూ ఏదీ లేదు.

చైన్ చెప్పనిది కూడా ఉంది

ఇంతా చేస్తే ఏపీఐ చెప్పేది అడ్రస్‌లు, మొత్తాలు, టైమ్ మాత్రమే. ఆ అడ్రస్ వెనక మనిషి ఎవరన్నది చెప్పదు. 2024 జూలై 18న మన దేశానికి చెందిన వజీర్‌ఎక్స్ ఎక్స్చేంజ్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో దొంగతనానికి గురైనప్పుడు, ఆ డబ్బు ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్‌కు వెళ్తోందో ప్రపంచమంతా లైవ్‌లో చూసింది. ఆపగలిగినవాళ్లు మాత్రం లేకపోయారు. కళ్లముందే దొంగ పారిపోతుంటే సీసీటీవీలో చూస్తున్నట్టే.

అయితే ఆ చూడటం వృథా కాదు. దొంగిలించిన సొమ్ము ఎప్పుడో ఒకప్పుడు రూపాయల్లోకో, డాలర్లలోకో మారాలంటే చాలాసార్లు ఏదో ఒక ఎక్స్చేంజ్ గడప తొక్కాల్సిందే. 2023 మార్చి నుంచి మన దేశంలో క్రిప్టో ఎక్స్చేంజ్‌లు మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. ఖాతాదారుల వివరాలు ఉంచుకోవాలి, అనుమానాస్పద లావాదేవీలు చెప్పాలి. అడ్రస్ ఎవరిదని అడిగే అధికారం పోలీసులకు ఉంటుంది. యూఎస్‌డీటీ విషయంలో అయితే టెథర్ కంపెనీ కోరుకుంటే ఒక అడ్రస్‌ను స్తంభింపజేయగలదు కూడా. అందుకే ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే అంత ఆశ.

ఇక్కడే ఇంకో ముఠా కాచుకుని ఉంటుంది. ‘మీ డబ్బు ఎక్కడుందో ట్రేస్ చేశాం, ఫీజు కడితే రికవర్ చేసి ఇస్తాం’ అంటారు. నమ్మకం కలిగించడానికి బాణం గుర్తులతో పెద్ద చార్ట్ పంపిస్తారు. ఆ చార్ట్‌లో ఉన్న సమాచారం అబద్ధం కాకపోవచ్చు, అది ఏపీఐ నుంచి ఎవరైనా ఉచితంగా తీసుకునేదే. ఈ ఆర్టికల్ ఇక్కడిదాకా చదివిన మీరు కూడా తీయగలరు. ట్రేస్ చేయడం వేరు, వెనక్కి తేవడం వేరు. చైన్ మీద వెళ్లిపోయిన డబ్బును ప్రైవేట్ కీ లేకుండా వెనక్కి లాగే హ్యాకర్ ఎవడూ లేడు.

మరి మన భూముల రికార్డులు?

బ్లాక్‌చైన్ అనగానే ఉత్తరాంధ్రలో చాలామందికి గుర్తొచ్చేది క్రిప్టో కంటే ముందు భూములే. 2016 డిసెంబర్‌లో విశాఖలో ఫిన్‌టెక్ వ్యాలీ మొదలైంది. 2017లో అప్పటి ప్రభుత్వం భూ రికార్డుల్లో, రవాణా శాఖలో బ్లాక్‌చైన్‌ను ప్రయోగాత్మకంగా వాడుతున్నట్లు ప్రకటించింది. స్వీడన్‌కు చెందిన క్రోమావే, హైదరాబాద్‌కు చెందిన జెబీ లాంటి కంపెనీల పేర్లు అప్పట్లో గట్టిగా వినిపించాయి. తెలంగాణలో చిట్‌ఫండ్‌ల మీద నిఘాకు టీ-చిట్స్ వచ్చింది. శంషాబాద్ రిజిస్ట్రేషన్లలో సీడాక్ పైలట్ నడిపింది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ‘విశ్వస్య’ పేరుతో జాతీయ బ్లాక్‌చైన్ వేదికను ప్రారంభించింది. దాని నోడ్‌లు ఉన్న మూడు చోట్లలో హైదరాబాద్ ఒకటి, మిగతావి భువనేశ్వర్, పుణె.

అయితే మెంపూల్‌ను అడిగినట్టు వీటిని అడగడం కుదరదు. ఇవి అనుమతి ఉన్నవాళ్లకే తెరుచుకునే చైన్లు. పుస్తకం నకళ్లు ఊళ్లో ప్రతి ఇంట్లో కాకుండా కొన్ని ఆఫీసుల్లోనే ఉంటాయి. కాబట్టి ‘మీ పొలం బ్లాక్‌చైన్‌లో ఎక్కిస్తాం, హ్యాష్ ఇస్తాం’ అని ఎవరైనా ప్రైవేటు వ్యక్తి చెప్తే ఆ హ్యాష్‌కు రెవెన్యూ ఆఫీసులో విలువ ఉండదు. మన 1బీ, అడంగల్ చూసుకోడానికి మీభూమి పోర్టలే దిక్కు. ఇంకో చిక్కు కూడా ఉంది. బ్లాక్‌చైన్ ఎక్కిన సమాచారం మారకుండా కాపాడుతుందే తప్ప, ఎక్కించిందే తప్పయితే సరిచేయదు. సర్వే నంబర్ తప్పు పడితే ఆ తప్పే భద్రంగా ఉంటుంది. ఇది మాత్రం ప్రకటనల్లో ఎవరూ చెప్పరు.

ఇంకాస్త ముందుకు వెళ్లాలనుకునే విద్యార్థులకు

ఒక్కో అడ్రస్ అడగడం వేరు, లక్షల లావాదేవీలను ఒకేసారి జల్లెడ పట్టడం వేరు. రెండో దానికి గూగుల్ బిగ్‌క్వెరీ ఉంది. 2018లోనే బిట్‌కాయిన్, ఇథీరియం డేటా మొత్తాన్ని అందులో పబ్లిక్‌గా పెట్టారు. కాలేజీలో నేర్పే ఎస్‌క్యూఎల్ వస్తే చాలు. నెలకు 1 టెరాబైట్ దాకా వెతకడం ఉచితం. కానీ చివర్లో లిమిట్ 10 అని పెడితే తక్కువ డేటా ఖర్చవుతుందనుకోవద్దు. టేబుల్ మొత్తం చదివాకే పది వరసలు ఇస్తుంది, కోటా అయిపోతుంది. తేదీ షరతు పెట్టి, కావాల్సిన కాలమ్స్ మాత్రమే అడగాలి.

సొంతంగా ప్రోగ్రామ్ రాసేవాళ్లు మరిచిపోయేది ఇంకోటుంది. జాబితాలు విడతలు విడతలుగా వస్తాయి. మొదటి పేజీ చూసి ‘డబ్బు రాలేదు’ అని తేల్చేస్తే, అది రెండో పేజీలో ఉండొచ్చు. అలాగే ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య కాస్త ఆగేలా రాయాలి, లేదంటే కౌంటర్ మూసేస్తారు. కీని కోడ్‌లోనే రాసి గిట్‌హబ్‌లో పెట్టేయడం కూడా కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటే.

మోసపోయారని తేలితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. స్క్రీన్‌షాట్‌లు ఒక్కటే ఇస్తే అందులోంచి 64 అక్షరాల హ్యాష్‌ను చూసి టైప్ చేయడం ఎవరి వల్లా కాదు. హ్యాష్, పంపిన అడ్రస్, చేరిన అడ్రస్, చైన్ పేరు, టోకెన్ కాంట్రాక్ట్ అడ్రస్, మన టైమ్ ప్రకారం తేదీ, గంట.. వీటిని కాపీ పేస్ట్ చేసి టెక్స్ట్ రూపంలో ఇవ్వండి. యూపీఐ లేదా బ్యాంకు ద్వారా మొదట రూపాయలు కట్టి ఉంటే ఆ లావాదేవీ నంబర్ కూడా జత చేయండి. చాలా కేసుల్లో డబ్బు ఆపగలిగేది క్రిప్టోగా మారకముందు, ఆ బ్యాంకు దశలోనే.